బస్సు కిటికీలో ఇచ్చిన దుడ్డు

పోయిన వారం రోజాను పుంగనూరులో, రెడ్డెమ్మ ఇంటి మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. శనివారం పొద్దున తొమ్మిదిన్నర. పక్కన తండ్రి బాలప్ప. భుజాన సంచిలో నలభై ఒక్క వేల రూపాయలు. మదనపల్లెలో రోజా కట్టుకున్న ఇంటిని తనఖా పెట్టి రెడ్డెమ్మ దగ్గర తీసుకున్న ఎనిమిది లక్షలకు అదే ఆఖరి కంతు. పదేళ్లలో తీర్చాల్సిన అప్పు అది. రోజా లెక్క ప్రకారం నాలుగేళ్లకే తీరిపోయింది.

ఎందుకమ్మా అంత తొందర అని కొత్తగా చదివేవాళ్లు అడుగుతారు. చెబుతాను. బాలప్ప నిమ్మనపల్లెలో రెడ్డెమ్మ పొలాల్లో ఇరవై ఏళ్లు కూలి చేసినవాడు. కూతురు బస్సు కండక్టరైంది, జీతం వచ్చింది. మదనపల్లెలో బాలప్ప పేరు మీద ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలంలో ఇల్లు మొదలుపెట్టింది. ఆ పట్టా కాగితం చూసి బ్యాంకువాళ్లు అప్పు కుదరదన్నారు. గోడలు లేచి నిలబడ్డాయి, పైకప్పుకు డబ్బు లేదు. అప్పుడు రెడ్డెమ్మ నూటికి రూపాయిన్నర వడ్డీకి అప్పిచ్చింది. ఇంటి కాగితాలన్నీ తన బీరువాలో పెట్టుకుంది. అంతవరకూ న్యాయమే, కాదనడానికి లేదు.

గృహప్రవేశం నాడు రెడ్డెమ్మ వచ్చింది. నలభై మంది చుట్టాలున్నారు. బాలప్ప కొత్త పంచె కట్టుకుని తాంబూలాలు పంచుతున్నాడు. ఆవిడ లోపలికి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, అందరూ వినేలా, "బాలప్పా, నా చెప్పులు ఎండలో ఉండాయి సూడు. తీసి నీడలో పెట్టు" అంది. బాలప్ప తాంబూలాల పళ్లెం కింద పెట్టేసి వెళ్లి రెండు చేతులతో ఆ చెప్పులు ఎత్తి నీడలో పెట్టాడు. ఇరవై ఏళ్ల అలవాటు కదా, చేతులు వాటంతటవే పనిచేశాయి. చుట్టాల్లో కొందరు కొత్త పైకప్పును చూశారు. కొందరు పాయసం గ్లాసులోకి చూశారు. రోజా మాత్రం కళ్లార్పకుండా తండ్రినే చూసింది.

ఆ రాత్రే ఒట్టు పెట్టుకుంది. ఈ అప్పు తీరిన రోజుదాకా రెడ్డెమ్మ గడప తొక్కను. తొక్కిన రోజున ఆవిడ చేత్తో మా నాయన చెప్పులు ఎత్తిస్తాను.

ఒట్టు పెట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. నాలుగేళ్లు దాన్ని చల్లారనివ్వకుండా చూసుకోవడమే కష్టం. మనబోటివాళ్ల కోపం మహా అయితే వారం ఉంటుంది. తర్వాత ఫ్రిజ్జు కొనుక్కుంటాం, తిరుపతి పోయి వస్తాం, ఎలాగూ పదేళ్ల అప్పేగా అని నడుం వాలుస్తాం. రోజా అలా వాల్చలేదు. ఆమెది మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే సర్వీసు. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు అంగళ్ల వెనక నుంచి రెడ్డెమ్మ మేడ కనబడుతుంది. రోజూ ఒకసారి ఆ మేడ వైపు చూసి, అప్పుడు రైట్ చెప్పేది. క్యాష్ బ్యాగు లోపలి అరలో ఒక చీటీ, దాని మీద మిగిలిన అప్పు. నెలనెలా కంతు కట్టి, పైన మిగిల్చింది కూడా కట్టి, పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాసేది. రెండో ఏడు వానాకాలంలో డబుల్ డ్యూటీలు చేసి చేసి కాళ్లు వాచిపోయాయి. మొగుడు మునిశేఖర్, లారీ డ్రైవరు, బతిమాలాడు. "ఈ నెల ఒక్కటీ పైదుడ్డు కట్టొద్దు రోజా. మనిషివా, మిషనువా?" అన్నాడు. రోజా "చెప్పులు" అంది. మిగిలిన అప్పు మూడు లక్షల కిందికి వచ్చిన రోజున పలమనేరు బస్టాండులో ఒక్కతే కూర్చుని ఒక ప్లేటు బోండాలు తినింది. నాలుగేళ్లలో ఆమె చేసుకున్న పండగ అదొక్కటే.

ఇప్పుడు ఆ గడప తొక్కింది. బాలప్పకు ఈ రోజు కోసమే కొత్త తోలు చెప్పులు కొనిపెట్టింది. ఆయన వాటిని మెట్ల కింద ఎండలో విడిచాడు. ఎండలోనే విడవమని ఆమె ముందే చెప్పింది మరి!

రెడ్డెమ్మ హాల్లో దివాను మీద కూర్చుని ఉంది. అరవై ఐదేళ్ల మనిషి, భర్త చెంగయ్య పోయి పదేళ్లయింది, ఆస్తిని ఒంటి చేత్తో నడుపుతోంది. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక లెక్కల పుస్తకం కోడలు భవ్య రాస్తుంది. ఆ పిల్ల పక్కనే చాప మీద కూర్చుని ఉంది. బాలప్ప గుమ్మం లోపల గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. రోజా కళ్లతో ఎంత సైగ చేసినా ముందుకు రాలేదు. రోజాకు ఒళ్లు మండింది.

"నాలుగేండ్లకు కనపడితివే!" అంది రెడ్డెమ్మ. "ఏమ్మే, దోవ తప్పి వస్తివా?"

"తప్పలేదు రెడ్డెమ్మా. కావాలనే వచ్చినా."

రెడ్డెమ్మ అని పేరు పెట్టి పిలిచేసరికి ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఆ ఇంట్లో ఇంతవరకూ బాలప్ప కుటుంబంలో ఎవరూ అమ్మా అని తప్ప పిలిచింది లేదు.

రోజా సంచిలోంచి నోట్ల కట్టలు తీసి టీపాయ్ మీద పెట్టింది. "నలభై ఒక్క వేయి. ఇంతటితో సరి. చెల్లు రాసియ్యి, మా కాగితాలు మాకియ్యి."

రెడ్డెమ్మ ఆ కట్టల వైపు చూసింది, రోజా వైపు చూసింది, నవ్వింది. "భవ్యా, ఈయమ్మ లెక్క తియ్యి. ఎంతుండాదో సదువు."

భవ్య పుస్తకం తిప్పింది. "నెలకు పద్నాలుగున్నర వేయి. నలభై ఎనిమిది కంతులు తప్పకుండా వచ్చినాయి అత్తా, ఫోన్లోనే. ఇంగ ఆరు లక్షల ముప్పై వేయి దాకా ఉండాది."

రోజాకు మొదట సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "ఎంత?"

"ఆరు లక్షల ముప్పై వేయి అక్కా."

"మరి నేను పైన కట్టింది?"

"పైన ఏం కట్టినావు?" అంది రెడ్డెమ్మ.

"ఏం కట్టినానా? నెలనెలా అసలు కిందకి జమ కట్టలేదా? ఏడు వేలు, తొమ్మిది వేలు, దసరా నెలలో పద్నాలుగు వేలు! నువ్వే గదా చెప్తివి, కంతు ఫోన్లో ఎయ్యి, అసలుకు కట్టేది మాత్రం చేతికియ్యి, ఎక్కువ ఎక్కువ ఫోన్లో వస్తే ట్యాక్సోళ్లతో తంటా అని. నా కొడుకు సాయికుమార్ చేతికియ్యి అని చెప్పలేదా?"

"చెప్పినా."

"ఆయప్ప చేతికే ఇచ్చినా. ఈ పుంగనూరు బస్టాండులో, బస్సు కిటికీలో నుంచి. ఒక్క నెల తప్పలేదు."

"యాడుండాది రసీదు?"

రోజా చెయ్యి ఖాళీ సంచిలోకి పోయి, ఉత్తదే బయటికి వచ్చింది.

చూశారా, ఇరవై రూపాయల ప్రయాణానికి కూడా టికెట్టు కొట్టి చేతిలో పెట్టేదాకా ఊరుకోని మనిషి, తన నాలుగు లక్షల చిల్లర రూపాయలకు ఒక్క ముక్క కాగితం అడగలేదు! అమాయకురాలా అంటే కాదు. ఆ దారిలో పద్ధతే అంత. కుప్పం నుంచి మల్లెపూల మూటలు, మదనపల్లె నుంచి ముసలివాళ్ల మందులు, పిల్లల ఫీజు డబ్బులు, అన్నీ కండక్టరు చేతుల మీదుగానే పోతాయి. దిగే ఊళ్లో ఒకరు వచ్చి కిటికీ దగ్గర చెయ్యి చాపుతారు, ఇచ్చేస్తుంది. పన్నెండేళ్లలో ఒక్క పూల మూట తప్పిపోలేదు, ఒక్కరూ చీటీ అడగలేదు. తన డబ్బుకూ అదే పద్ధతి. సాయికుమార్ వచ్చేవాడు, కవరు తీసుకునేవాడు, "అమ్మ పుస్తకంలో రాసేస్తాది రోజక్కా" అనేవాడు. డ్రైవరు శ్రీరాములు హారన్ కొట్టేవాడు. బస్సు కదిలేది.

ఒక్కసారైనా ఈ గడప ఎక్కి పుస్తకం చూపించమని అడిగి ఉంటే తేలిపోయేది. ఎక్కలేదు. ఎక్కనని ఒట్టు పెట్టుకుంది కదా! తన ఒట్టే తన కొంప ముంచిందని రోజాకు ఆ క్షణంలో అర్థమైంది. తనను తాను చెంపలు వాయించుకోవాలనిపించింది.

"రసీదు లేదు," అంది. "నీ కొడుకును పిలిపియ్యి."

"వాడు కుప్పంలో ఉండాడు. గ్రానైటు యాపారం వాడిది. నీ మాదిరి కిటికీల కాడ నిలబడే ఖాళీ లేదు వాడికి. భవ్యా, ఫోను కలుపు. ఈయమ్మ ముందరే అడుగుదాం."

భవ్య ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. రెడ్డెమ్మ అడిగింది.

"రోజక్కా? నాకా? దుడ్డా?" అన్నాడు సాయికుమార్. "లేదుమా. నేను బస్టాండుకు యాల పోతాను? బండి ఉండాది గదా నాకు. ఏదో మరిసిపోయి మాట్లాడతా ఉండాది. గిరాకీ వచ్చినాడు, పెట్టేస్తా."

ఫోన్ పెట్టేశాడు. రెడ్డెమ్మ దివాను మీద వెనక్కి వాలింది. "విన్నావు గదా! బాలప్పా, నీ కూతురికి బుద్ధి చెప్పుకో. దుడ్డు ఎగ్గొట్టేదానికి నా బిడ్డ మీద దొంగతనం కడతా ఉండాది. నెలనెలా తెచ్చి నా చేతిలో పోసే బిడ్డ వాడు! నాలుగేండ్లుగా ఒక్క నెల తప్పకుండా సంపాదించి తెస్తా ఉండాడు. ఈదిలో ఎవరినైనా అడుగు."

బాలప్ప తల వంచుకున్నాడు. ఒక్క మాట, మా బిడ్డ అబద్ధం చెప్పదమ్మా అన్న ఒక్క మాట అనవచ్చు కదా! అనలేదు. రోజాకు తండ్రి మీద కూడా మంటెత్తింది. అయినా ఏడవలేదు. ఈ ఇంట్లో ఏడిస్తే తన నాలుగేళ్లూ బూడిదే.

"రసీదు లేదు గానీ, నా తలకాయ ఉండాది," అంది. "రాసుకో రెడ్డెమ్మా. మొదటిసారి ఇచ్చింది జూన్ పన్నెండు. ఎనిమిది వేలు. మొదటి డబుల్ డ్యూటీల దుడ్డు అది."

"నీ కతలు నాకెందుకు?"

"జూలై తొమ్మిది. ఏడు వేల ఆరు వందల నలభై."

చాప మీద భవ్య తలెత్తింది.

"ఆ నలభై యాల ఇచ్చినానంటే, ఆ పొద్దు పర్సు తిరగేసి కుమ్మరిచ్చినా. మధ్యాన్నం కుప్పంలో టీ తాగేదానికి శ్రీరాములన్న దగ్గర అప్పు చేసినా. ఆగస్టు పద్నాలుగు, తొమ్మిది వేల రెండు వందలు. సెప్టెంబరు పదకొండు, ఆరు వేల ఎనిమిది వందల యాభై. మా కూతురు వసుధ కమ్మలు మార్పిద్దామని దాచిపెట్టి, ఆ బిడ్డనే ఏడిపిచ్చి తెచ్చిచ్చిన దుడ్డు."

కండక్టరు జ్ఞాపకం సామాన్యమైంది కాదు. ఎవరు ఎక్కడెక్కారు, ఎవరికి ఎంత చిల్లర బాకీ, దిగేదాకా మనసులో ఉండాలి. పైగా ఈ డబ్బులో ప్రతి నోటుకూ ఆమె దగ్గర ఒక నొప్పి గుర్తుంది. ఆపకుండా చెప్పుకుంటూ పోయింది. నెల, తేదీ, అంకె. నెల, తేదీ, అంకె.

భవ్య పుస్తకాన్ని వెనక వైపు నుంచి తెరిచింది. వేలు పెట్టి చూస్తోంది. రోజా ఒక అంకె చెబుతుంది, ఆ వేలు ఒక గీత కిందికి దిగుతుంది. ఇంకో అంకె చెబుతుంది, ఇంకో గీత.

"ఏంది సూస్తా ఉండావు?" అంది రెడ్డెమ్మ.

"అత్తా..."

"ఏందే?"

"ఆయన సంపాదన రాసే పేజీ అత్తా. నువ్వే గదా వేరేగా రాయమంటివి, మా వాడి సంపాదన అని పైన పేరు పెట్టి. జూన్ పన్నెండు, ఎనిమిది వేయి. జూలై తొమ్మిది, ఏడు వేల ఆరు వందల నలభై. ఆగస్టు పద్నాలుగు..." భవ్య పుస్తకాన్ని అత్త వైపు తిప్పింది. "అన్నీ అవే అత్తా. అన్నీ ఆ తారీకులే."

రెడ్డెమ్మ పుస్తకం లాక్కుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. కొడుకు ఆ నలభై రూపాయలు తెచ్చిచ్చిన రోజు ఆవిడకు బాగా గుర్తు. చిల్లర నలభై కూడా దాచుకోడు నా బిడ్డ, లెక్కంటే లెక్కే అని వీధి వీధంతా చెప్పుకుంది. ముప్పై ఏళ్లు వచ్చేదాకా పైసా సంపాదించని కొడుకు వాడు. నాలుగేళ్లు వరసగా సంపాదించి చూపించరా, ఇంటి తాళాలు నీ చేతికిస్తా అని ఆవిడే పందెం పెట్టింది. వాడు ఎండలో నిలబడి సంపాదించాడు, కాదనలేం. బస్టాండులో, కిటికీ కింద!

రోజాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అర్థం కాగానే నవ్వొచ్చింది. ఆపుకోలేదు, పెద్దగా నవ్వింది.

"నీ కొడుకు సంపాదనని ఊరంతా దండోరా ఏసుకుంటివే! ఈదిలో ఎవరినైనా అడగమంటివే! అడుగుదాం పద రెడ్డెమ్మా. కిటికీలో చెయ్యి పెట్టి కూలోని కూతురి దుడ్డు ఎత్తుకోని, అమ్మకు తెచ్చిచ్చిన సంపాదన ఇదని ఇంటింటికీ నేనే చెప్పొస్తా. ఈ పుస్తకం కూడా చూపిస్తా. నీ కోడలి చేతిరాతే గదా!"

"గమ్మునుండు," అంది రెడ్డెమ్మ. గొంతులో ఇందాకటి జోరు లేదు. "మెల్లగా మాట్లాడు. పక్కింటోళ్లుండారు."

"మా ఇంట్లో నలభై మంది ఉన్నింటిరి."

రెడ్డెమ్మకు ఆ మాట అందలేదు. ఆవిడకు ఆ రోజు గుర్తే లేదు. అది గ్రహించేసరికి రోజాకు ఇంకా మండింది. నాలుగేళ్లు తాను నిద్ర మానుకుని మోసిన మాటను ఈవిడ అన్న గంటకే మరిచిపోయింది!

"లెక్క సరిపోయింది, ఒప్పుకుంటా ఉండా," అంది రెడ్డెమ్మ. "నీ దుడ్డంతా ఈ ఇంటికే వచ్చింది. ఇప్పుడే చెల్లు రాసిస్తా, కాగితాలిస్తా. ఈ నలభై ఒక్క వేయి కూడా నువ్వే ఎత్తుకోని పో. ఈ సంగతి మాత్రం ఈ గడప దాటనియ్యొద్దు. ఆడకూతురివి నువ్వు, నీకూ బిడ్డలుండారు. దండం పెడతా."

"నలభై ఒక్క వేలు నీవే, తీసుకో. నేను ఎవరికీ బాకీ ఉండను. నోరు మూసుకునేదానికి మాత్రం నాకింకోటి కావల్ల." రోజా మెట్ల వైపు చెయ్యి చూపించింది. "మా నాయన చెప్పులు ఎండలో ఉండాయి సూడు. తీసి నీడలో పెట్టు."

అప్పుడు గుర్తొచ్చింది రెడ్డెమ్మకు. ముఖం జేవురించింది. కోడలి వైపు చూసింది. కోడలు తల తిప్పుకుంది.

"నువ్వు లోపలికి పోవే," అంది.

"ఉండనీ," అంది రోజా. "ఒక్కరన్నా చూడల్ల గదా!"

రెడ్డెమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది. వంగింది. బాలప్ప కొత్త చెప్పులు రెండూ రెండు చేతులతో ఎత్తి, ఎండలోంచి తీసి, గోడ నీడలో పెట్టింది.

చెప్పుకోవడానికి సిగ్గెందుకు, రోజాకు చాలా సంతోషమైంది. పగ తీరితే మనసు ఖాళీ అవుతుందని, ఏదో బెంగ మిగులుతుందని పెద్దలు అంటారు. అలాంటిదేమీ లేదు. కడుపు నిండా అన్నం తిన్నట్టుంది. వాచిన కాళ్లకు, తినని టిఫిన్లకు, కూతురి కమ్మలకు అన్నిటికీ ఆ రెండు క్షణాల్లో సమాధానం దొరికింది. "నాయనా, చూసినావా?" అని గర్వంగా తండ్రి వైపు తిరిగింది.

బాలప్ప చూడలేదు. గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. పాత భయం ఇంకా పోలేదు పాపం, అనుకుంది రోజా.

రెడ్డెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలి గదిలోకి పోయింది. బీరువా తలుపు కిర్రుమంది. ఏదో వెతుకుతున్న చప్పుడు. ఒక అర తీసింది, మూసింది. ఇంకో అర.

"భవ్యా!" అని కేక వినిపించింది. అది పిలుపులా లేదు.

భవ్యా, రోజా లోపలికి పరిగెత్తారు. రెడ్డెమ్మ మంచం మీద కూలబడి ఉంది. ఒళ్లో ఒక గోధుమరంగు కవరు. దాని మీద 'బాలప్ప, మదనపల్లె ఇల్లు' అని రాసి ఉంది. లోపల ఒక పాత పెళ్లి శుభలేఖ, నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక. అంతకు మించి ఏమీ లేదు.

"కాగితాల్లేవే," అంది రెడ్డెమ్మ. "పట్టా లేదు, తనఖా పత్రం లేదు. ఏమీ లేదు."

"తాళాలు ఎవరి దగ్గరుండాయి?" అంది రోజా. జవాబు తెలిసే అడిగింది.

"సాయి దగ్గర. సంక్రాంతి పోయినాక వాడికే ఇచ్చినా. నాలుగో ఏడు కూడా సంపాదించి తెస్తా ఉండాడు గదాని..."

రోజా మనసులో వెంటనే లెక్క వేసుకుంది. కాగితాలు ఎత్తుకుపోతే మాత్రం ఏం చేసుకుంటాడు? పట్టా మా నాయన పేరు మీద ఉంది. మా నాయన లేకుండా ఆ ఇంటిని ఎవరూ ఏమీ చేయలేరు. ఉత్త కాగితాలు! నకళ్లు తీసుకోవచ్చు, పోలీసుల దగ్గరికి పోవచ్చు, వాణ్ని కుప్పం బజార్లో గొంతు పట్టుకుని ఈడ్చుకురావచ్చు. ఆ ఆలోచనకే ఆమెకు పళ్లు బిగుసుకున్నాయి. నిజానికి ఇంకో పగ దొరికిందని లోలోపల హుషారుగా కూడా ఉంది.

"మధ్యాన్నం బస్సుకే కుప్పం పోదాం," అంది. "రెడ్డెమ్మా, నువ్వు కూడా రా. నీ నోటితోనే చెప్పల్ల ఆ దుడ్డు ఎవరిదో. నాయనా, నువ్వు ఇంటికి పో."

బాలప్ప గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చెంపలు తడిగా ఉన్నాయి.

"నేనూ వస్తానమ్మా," అన్నాడు. "ఆడికి దోవ నాకు తెలుసు."

"ఏ దోవ?"

"మొన్న మాఘమాసంలో, నువ్వు డ్యూటీలో ఉండంగా సాయికుమార్ మనింటికొచ్చినాడు. నాలుగేండ్లకే అప్పు తీరిపోతా ఉండాది మామా, రోజక్కకు తెలీకుండా చెల్లు పత్రం తయారు చేపిచ్చి, ఒక్కసారిగా చేతిలో పెడదాం, ఎంత సంతోషపడతాదో అన్నాడు. కారులో ముందర సీట్లో కూర్చోబెట్టుకోని కుప్పానికి పిల్చుకోని పోయినాడు. హోటల్లో దోశ తినిపిచ్చినాడమ్మా, నా ఎదురుగా కూర్చోని ఆయప్ప కూడా తిన్యాడు."

"నాయనా," అంది రోజా. "ఆడ ఏం చేసినావు?"

"ఏలిముద్ర ఏసినా."

"దేని మీద? సదివి చెప్పినారా?"

"అడగలేదమ్మా. ఆ ఇంటి బిడ్డ నన్ను మామా అన్నాడు. ఇరవై ఏండ్లు పొలంలో చేసినా, ఆ ఇంట్లో ఒక్కరూ నన్ను వరస పెట్టి పిలిచింది లేదు. ఇంగేం అడగబుద్ధి కాలేదు."

రెడ్డెమ్మ మంచం మీద నుంచి తలెత్తి ఆయన్నే చూస్తోంది. భవ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయినాక ఏదో రిజిస్టరాపీసంట, దాంట్లోకి పోయినాం," అన్నాడు బాలప్ప. "మనకు తెలీనోళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. బల్ల అవతల కూర్చున్న ఆఫీసరు నా మొకం సూసి, దుడ్డంతా ముట్టిందా పెద్దాయనా అని అడిగినాడు. ముట్టిందని చెప్పు మామా అన్నాడు సాయికుమార్."

"చెప్పినావా?"

బాలప్ప కూతురి కళ్లలోకి చూడలేకపోయాడు.

"ముట్టిందని చెప్పినానమ్మా. రెండుసార్లు అడిగినాడు. రెండుసార్లూ చెప్పినా."